తెగులు చెరువు తూము ఎత్తకండి

చెక్ ట్రేలో మేత తినకుండా మిగులుతుంది. తెల్లారేసరికి రొయ్యలు గట్టు వారకు చేరి నీరసంగా ఈదుతుంటాయి. ఒకదాన్ని పట్టుకుని తలపెంకు ఒలిచి వెలుతురుకు పెట్టి చూస్తే తెల్లమచ్చలు. అప్పుడు రాత్రికి రాత్రే వల దింపి, దొరికిన కౌంటును (కిలోకు తూగే రొయ్యల లెక్కను) దొరికిన ధరకు తెగనమ్మి, మిగిలిన నీళ్ళను చప్పుడు కాకుండా డ్రెయిన్లోకి వదిలేయడం కోస్తాలో చాలాచోట్ల మామూలైపోయింది. దయచేసి ఆ తూము ఎత్తకండి. వానలు తగ్గుముఖం పట్టి చలి దిగే రోజులు వైట్ స్పాట్ వైరస్‌కు అనువైనవి. నీటి ఉష్ణోగ్రత పడిపోయి, రోజుకో రకంగా మారుతున్నప్పుడు రొయ్య తట్టుకునే శక్తి తగ్గుతుంది. అదే సమయంలో ఒక్క చెరువు నీళ్ళు కాలువలో కలిస్తే చాలు, ఆ కాలువ మీద మోటార్లు పెట్టుకున్న ఊళ్ళన్నిటికీ ముప్పే.

ఈ వైరస్‌కు మందు లేదు. ఉందని చెప్పి ఎవరు ఏ డబ్బా అమ్మినా నమ్మవద్దు. లక్షణాలు బయటపడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఊడ్చుకుపోవచ్చు. అడుగు బురదలో ఆ వైరస్ వారాల తరబడి బతికే ఉంటుంది. పీతల మీద వస్తుంది, చచ్చిన రొయ్యను ముక్కున కరుచుకుపోయే కాకుల వల్ల వస్తుంది, కడగకుండా ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిప్పే పట్టుబడి వలల వల్ల వస్తుంది. దీనికి తోడు సూక్ష్మ పరాన్నజీవి ఈహెచ్‌పీ. అది రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంటు మాత్రం కదలదు. దాని బీజాలు చెరువు ఎండగట్టినంత మాత్రాన చావవు. హెక్టారుకు ఆరు టన్నుల దాకా కాల్చిన సున్నం దున్ని కలిపి, తడిపి, మట్టి క్షారత బాగా పెంచితే తప్ప లొంగవని నిపుణుల సూచన. ఇవన్నీ ఒక రైతు తన చెరువులో ఎంత శ్రద్ధగా చేసుకున్నా, ఎగువ రైతు వదిలిన నీళ్ళే మర్నాడు తోడుకోవాల్సి వస్తే ఆ శ్రమంతా బూడిదలో పోసినట్టే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలా ఊళ్ళకు నీళ్ళు తోడుకునే చోటూ, వదిలే చోటూ ఒకటే డ్రెయిన్. ఉప్పుటేరు లాంటి చోట్ల కిందికి వదిలిన నీళ్ళు పోటు సమయంలో మళ్ళీ పైకి ఎక్కుతాయి. కాబట్టి దిగువ రైతు మాత్రమే నష్టపోతాడనుకోవడం పొరపాటు. వదిలినవాడి మోటారుకే అవి తిరిగి రావచ్చు.

1994-95లో టైగర్ రొయ్య కాలంలో ఇదే తెగులు తూర్పు తీరాన్ని చుట్టేసింది. నెల్లూరు నుంచి గోదావరి దాకా చెరువులు ఖాళీ అయ్యాయి. అప్పులు మిగిలాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకం సాగుకు అనుమతి వచ్చాక పరిశ్రమ మళ్ళీ లేచింది. 2023-24లో దేశం నుంచి ఎగుమతైన ఘనీభవించిన రొయ్యల విలువ 40 వేల కోట్ల రూపాయలు దాటింది, అందులో సింహభాగం ఆంధ్ర చెరువులదే. అంత పెద్ద పరిశ్రమలో పక్క చెరువులో తెగులు వచ్చిన సంగతి పక్క రైతుకు తెలిసే ఏర్పాటు ఇప్పటికీ లేదు.

రైతు ఎందుకు దాస్తాడు? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకకుండా ఆంక్షలు పెంచితే లాభం లేదు. చాలామంది కౌలుకు చేస్తున్నవారే. ఎకరా కౌలు ముందే కట్టాలి. మేత డీలర్ దగ్గర అరువు, పిల్లకు అరువు, కరెంటు బిల్లు బాకీ. చెరువులో తెగులు వచ్చిందన్న మాట పొక్కితే ముందుగా వచ్చేది మత్స్యశాఖ అధికారి కాదు, అప్పులవాళ్ళు. తర్వాత కొనుగోలుదారు వచ్చి ధర కోస్తాడు. చెప్పినందుకు పైసా పరిహారం లేదు. చెప్పకుండా తూము ఎత్తితే కనీసం దొరికిన సరుకైనా డబ్బవుతుంది, తొందరగా మరో పంట వేసుకోవచ్చన్న ఆశ మిగులుతుంది. అప్పుల్లో ఉన్న మనిషి అలా ఆలోచించడాన్ని నేరమని తీసిపారేయలేం. కానీ అతని కష్టం తీరే దారి అది కాదు. అదే కష్టం మరో వంద కుటుంబాలకు పాకే దారి. కాబట్టి నిజం చెప్పిన రైతు నష్టపోకుండా చూడడమే ప్రభుత్వం ముందుగా చేయాల్సిన పని.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. వనామీ సాగు మార్గదర్శకాల ప్రకారం వాడిన నీళ్ళను శుద్ధి చెరువులో కనీసం రెండు రోజులు నిలిపి వదలాలి. తెగులు వస్తే వలతోనే పట్టాలి, నీళ్ళకు క్లోరిన్ కొట్టి, ఆ ఘాటు పోయాకే బయటికి పంపాలి. అయితే ఈ నిబంధనలను చూసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2005 చట్టం కింద పుట్టింది, దాని పరిధి పోటు రేఖ నుంచి 2 కిలోమీటర్లే. అంతకంటే లోపలి భూముల్లో వనామీ సాగు రాష్ట్రం 2020లో చట్టం చేసి పెట్టిన ఆక్వా అభివృద్ధి సంస్థ అప్సడా కిందికి వస్తుంది. డ్రెయిన్ జలవనరుల శాఖది. ఎగుమతి వ్యవహారం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడాది. తెగులుకు మాత్రం ఈ సరిహద్దులేవీ పట్టవు. ఒక డ్రెయిన్ పొడవునా తెగులు పాకుతున్నప్పుడు ఎవరి సంతకంతో మోటార్లు ఆగాలో చెప్పగలిగిన ఒక్క అధికారి ఉండాలి. ప్రతి డ్రెయిన్‌కూ అలాంటి అధికారిని నియమించి, పేరూ ఫోన్ నంబరూ పంచాయతీ గోడ మీద రాయించాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాం. తెగుళ్ళ సమాచారం ఇవ్వడానికి కేంద్రం 2023లో ఒక యాప్ తెచ్చింది. మంచిదే. కానీ ఫోన్‌లో నమోదైన కబురు ఎక్కడో నివేదికగా మారేలోపు పక్క చెరువులోకి నీళ్ళు వెళ్ళిపోతాయి. కబురు ముందుగా ఊళ్ళో తిరగాలి.

అది సాధ్యమేనని చూపించింది పశ్చిమ గోదావరి జిల్లాలోని మన మొగల్తూరే. వైట్ స్పాట్ దెబ్బ తర్వాత ఎంపెడా, నాకా అనే ఆసియా-పసిఫిక్ ఆక్వా సంస్థ కలిసి 2002లో అక్కడ ఐదుగురు రైతులతో, పది చెరువుల్లో ప్రయోగం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాదికి యాభై ఎనిమిది మంది రైతులు, 108 చెరువులు ఒక ఆక్వా క్లబ్బుగా కలిశాయి. కలిసి మాట్లాడుకుని ఒకే సమయంలో పిల్ల వదిలారు, పరీక్ష చేయించిన పిల్లనే తెచ్చుకున్నారు, ఎవరి చెరువులో ఏం కనిపించినా మిగతావారికి చెప్పుకున్నారు. కొత్త యంత్రాలేమీ లేవు, పెట్టుబడి పెంచిందీ లేదు. తెగులు తగ్గింది. ఆ అనుభవంతోనే 2007లో సుస్థిర ఆక్వా సాగు కోసం నాక్సా అనే జాతీయ కేంద్రం పుట్టింది. తర్వాత వనామీ లాభాల ఊపులో ఎవరి ఏరియేటర్లు వారివి, ఎవరి కన్సల్టెంటు వారికి అన్నట్టు తయారైంది. చదరపు మీటరుకు 60 పిల్లకు మించకూడదన్న పరిమితిని మరిచినవారికీ కొదవ లేదు. ఒప్పందం ఎంత కష్టమో తెలియక ఈ మాట రాయడం లేదు. ఏడాదికి రెండు పంటలు తీసుకునే రైతు, మూడో పంటకు ఆత్రపడే రైతు, చెరువును ఇంకా ఎండగట్టని రైతు ఒక తేదీకి రావడమంటే ఎవరో ఒకరు నెల రోజులు వదులుకోవాలి. ఆ నెలకు కౌలు తగ్గించుకోవడానికి భూమి యజమానులు ముందుకు రావాలి.

కంపెనీలకూ ఒక మాట. రొయ్య మీద బతుకుతున్న మేత తయారీదారులు, హ్యాచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు తెగులు భారమంతా రైతు మీద వదిలేయడం న్యాయం కాదు. చిన్న రైతులు విడివిడిగా శుద్ధి చెరువు తవ్వుకోలేరు. నాలుగైదు చెరువులకు కలిపి ఉమ్మడి శుద్ధి చెరువుకు మీరు వాటా ఇవ్వండి. తెగులు నిజం చెప్పిన రైతు బాకీని ఒక పంట వెనక్కి జరపండి. రొయ్య రైతుల బీమా ప్రీమియంలో కొంత భరించే కేంద్ర పథకం 2024లో మంజూరైంది. తెగులు కబురు ఇచ్చిన రైతుకు క్లెయిము త్వరగా అందేలా రాష్ట్రం పట్టుబట్టాలి. తెగులు భయంతో నిషేధిత యాంటీబయాటిక్స్ వాడితే ఇంకో ప్రమాదం ఉంది. 2016 నుంచి యూరప్ మన సాగు రొయ్య సరుకులో సగాన్ని తనిఖీ చేస్తోంది. ఒక్క చెరువు అవశేషం ఒక కంటైనర్‌ను వెనక్కి తిప్పగలదు.

వచ్చే పంటకు పిల్ల వదలడానికి ముందే ప్రతి డ్రెయిన్ మీది రైతులు ఒకసారి కూర్చోండి. కౌలుదారులనూ, భూమి యజమానులనూ, మేత డీలర్లనూ పిలవండి. చెరువు ఎండగట్టే వారాలు, పిల్ల వదిలే తేదీలు, కబురు చెప్పే ఫోన్ గ్రూపు ఆ రోజే తేల్చుకోండి. ఇప్పటికే చెరువులో మేత తగ్గినా, మచ్చలు కనిపించినా ఆ సమావేశం దాకా ఆగవద్దు. చచ్చిన రొయ్యలను గట్టు మీద పారేయకుండా సున్నం వేసి పూడ్చండి. మత్స్యశాఖ సహాయకుడికి చెప్పండి. అంతకంటే ముందు దిగువనా, ఎగువనా ఉన్న రైతులకు ఫోన్ చేసి మోటార్లు ఆపమనండి.