బస్తీ తల్లుల మాటే మా ప్రణాళిక

మేము హైదరాబాద్‌లోని అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ వాసులం. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లం, నాలా పక్క బస్తీల్లో ఉన్నవాళ్లం, సెల్లార్లలో కాపురముంటున్న వాచ్‌మన్ల కుటుంబాలవాళ్లం, హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లం.

మా ఏరియా అంతా చదువే. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, గల్లీకో కోచింగ్ సెంటరు, స్టడీ హాలు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో సర్కారు ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి చదువుతారు. ఇక్కడే పుట్టిన బస్తీ పిల్లకు మాత్రం పొద్దుమూకితే పుస్తకం తెరిచి కూర్చునే చోటు దొరకదు. దీన్ని మేం ఇక ఒప్పుకోం.

జనమే పూనుకోవడం ఈ చోటికి కొత్త కాదు. నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి కావాలని 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన తోటివారు పెట్టిన పాఠశాల నారాయణగూడలోదే. 1967లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు బస్తీవాళ్ల చేతనే బాల్వాడీలు, మహిళా మండళ్లు నడిపించింది. ఏం కావాలో ముందు బస్తీనే అడగాలన్న ఆ పద్ధతి మాకు ఆదర్శం.

అందుకే నిర్ణయం తల్లులది. మీటింగు బస్తీలోనే, రాత్రి ఎనిమిది దాటాక, వాళ్ల పనులు తెమిలాకే. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ కుర్చీల్లో వాళ్లే కూర్చుంటారు. కాగితాలు చదివిపెట్టమంటే చదివిపెడతాం, వాళ్ల బదులు మాట్లాడం.

అన్నిటికన్నా ముందు పిల్లల పేరు బడి రిజిస్టరులో ఎక్కాలి. వాచ్‌మన్ కుటుంబం ఏ నెలలో బిల్డింగు మారుతుందో ఎవరూ చెప్పలేరు. నవంబరులో వచ్చిన పిల్లాణ్ణి టీసీ లేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని తిప్పి పంపితే ఏడాది పోతుంది, ఒక్కోసారి చదువే పోతుంది. 2009 చట్టం ప్రకారం ఆ కాగితాలు లేవని చేర్చుకోకుండా ఉండకూడదు. ఏడాది మధ్యలో వచ్చారనీ కాదనకూడదు. ఈ మాట తల్లి ఒక్కతే వెళ్లి చెబితే చాలాచోట్ల వినరు. కాబట్టి ఆమె వెంట మాలో ఇద్దరు వెళ్తారు, పేరు ఎక్కేదాకా వెళ్తూనే ఉంటారు.

సాయంత్రాలు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు తమ హాళ్లు తెరుస్తాయి, హాస్టల్ విద్యార్థులు చదివిస్తారు. నోటిఫికేషన్ పడగానే అన్నయ్య రావడం మానేస్తే పిల్లలు కుంగిపోతారు. అందుకని ఒక్కో జట్టుకు ఇద్దరేసి ఉంటారు, ఒకరికి పరీక్ష ఉంటే మరొకరు చూసుకుంటారు. పుస్తకాలు పంచుతూ ఫొటోలు దిగం.

నాలా కూడా మా లెక్కలో పిల్లల చదువే. 2000 ఆగస్టులో హుస్సేన్ సాగర్ నీళ్లు అశోక్ నగర్, దోమలగూడ ఇళ్లను ముంచెత్తాయి. ఇంట్లోకి నీళ్లొస్తే నేల మీది బడి సంచి తడుస్తుంది. నాలా గోడ కోసం, పూడికతీత కోసం పెట్టే అర్జీ మీద బస్తీతోపాటు అపార్ట్‌మెంట్లూ సంతకం చేస్తాయి.

ఇక మా ఇళ్ల సంగతి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 నుంచి నిషేధం. అయినా అమ్మకు జ్వరమొస్తే అంట్లు తోమడానికి కూతురు వస్తుంది, ఆ పూట బడి పోతుంది. మాలో ఏ ఇల్లూ ఆ పిల్లను పనికి రానివ్వదు, తల్లి జీతంలో ఆ రోజుకు పైసా కోయదు.