వదిన గాజులు, ఫుల్ ఫ్రేమ్ కెమెరా

మిర్చి కోతల గురించి రాయమని చాలామంది అడిగారు, అది రేపు రాస్తా. ఈ రోజు కెమెరా గురించి. "రైతుకి కెమెరా గోలేంటి" అనుకోవద్దు. మన ఇళ్ళల్లో బంగారం తాకట్టుకి పోయే సంగతి ఇది. పోస్టు పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

మొన్న పొద్దున్నే మా అన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మీ వదిన గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నారా. పిల్లాడికి కెమెరా కొనాలంట. అదేదో ఫుల్ ఫ్రేమ్ అంట. నీ దగ్గరా కెమెరా ఉందిగా, ఏంటది, మంచిదేనా?" అన్నాడు.

మావాడు రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకి వేరేవాళ్ళ కింద పనికి పోతున్నాడు. చెయ్యి మంచిదే. ఇప్పుడు సొంతంగా మొదలుపెడదామని టౌనుకి పోతే, షాపువాడు "క్రాప్ సెన్సర్ అంటే పిల్లలాట, ప్రొఫెషనల్ అంటే ఫుల్ ఫ్రేమే" అన్నాడంట. బాడీ ఒక్కటే 2 లక్షల పైన. అన్నకి సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. ఆ లెక్క మీకు నేను చెప్పక్కర్లా.

నేను చెప్పేది సూటిగా చెప్తా. కొత్తగా మొదలుపెట్టే పిల్లాడికి ఫుల్ ఫ్రేమ్ అవసరం లేదు. దానికోసం అప్పు చేయడం శుద్ధ దండగ.

ముందు అసలు ఇదేంటో తెలుసుకుందాం. క్రాప్ అనగానే మనకి పంట గుర్తొస్తది. ఇది ఆ క్రాప్ కాదు, సెలూన్లో చేయించుకునే క్రాపు. అంటే కత్తిరించినది అని. కెమెరా లోపల వెలుతురు పడే పలక ఉంటది, దాన్నే సెన్సర్ అంటారు. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. క్రాప్‌లో సుమారు 23.5 పొడవు, 15.6 వెడల్పు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. అంతే తేడా. ఒకటి పెద్ద మడి, ఒకటి చిన్న మడి.

మరి "ఫుల్" అనే పేరు ఎక్కడిది? పాతకాలం సినిమా ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. 1925లో జర్మనీలో అదే ఫిల్ము పట్టే లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చింది. దాని ఫ్రేము కొలతే ఈ 36, 24. ఆ రోజుల్లో పెద్ద ఫిల్ము వాడేవాళ్ళు దాన్ని "మినియేచర్" అన్నారు. అంటే బుల్లి కెమెరా! మన పాత స్టూడియోల్లో మెడలో వేసుకుని పైనుంచి తొంగి చూసే యాషికా కెమెరాలు గుర్తున్నాయా? వాటి ఫిల్ము ఆరు సెంటీమీటర్లకి ఆరు సెంటీమీటర్లు. దాని పక్కన పెడితే ఈ ఫుల్ ఫ్రేమే క్రాపు. నిన్నటి బుల్లిది ఇవాళ ఫుల్ అయింది. పేరు చూసి మోసపోకండి.

ఇంకో సంగతి. నికాన్ కంపెనీ 1999లో డీ1 అని ప్రొఫెషనల్ డిజిటల్ కెమెరా తెచ్చింది. అది క్రాప్ సెన్సరే. 2007లో డీ3 వచ్చేదాకా నికాన్ దగ్గర ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ లేనే లేదు. మధ్యలో 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ నికాన్ డిజిటల్ బాడీలతో తీసిన ప్రతి ఫోటో క్రాప్ సెన్సర్ మీద పడిందే. ఒలింపిక్స్‌కి సరిపోయింది మన ఊరి పెళ్ళికి సరిపోదా? ఇప్పుడు దొరికే క్రాప్ కెమెరాలు అప్పటివాటికంటే ఎన్నో రెట్లు మేలు.

"మరి ఫుల్ ఫ్రేమ్‌లో ఏమీ లేదా బాబాయ్" అంటారు. ఉంది, అబద్ధం చెప్పను. మడి పెద్దది కాబట్టి దాని మీద పడే వాన ఎక్కువ. వైశాల్యం లెక్కేస్తే రెండింతలకి పైనే. అందుకే చీకట్లో తీస్తే నలకలు తక్కువ పడతాయి, వెనకాల బాగా మసకగా వస్తది, ఇరుకు గదిలో ఎక్కువమంది పడతారు. ఇవన్నీ నిజాలే.

కానీ షాపువాడు చెప్పని సంగతి వినండి. మడికి నీళ్ళు వచ్చేది తూములోంచి. కెమెరాకి తూము లెన్సు. లెన్సు మీద ఎఫ్ అని ఒక అంకె ఉంటది. అంకె తగ్గేకొద్దీ తూము పెద్దదని లెక్క. డబ్బంతా ఫుల్ ఫ్రేమ్ బాడీకి పోసినవాడు లెన్సు దగ్గరికొచ్చేసరికి ఎఫ్ 4 కిట్ లెన్సుతో సరిపెట్టుకుంటాడు. క్రాప్ కొన్నవాడు 20 వేల లోపే ఎఫ్ 1.8 లెన్సు తెచ్చుకోవచ్చు. ఎఫ్ 4 కంటే ఎఫ్ 1.8 దాదాపు ఐదింతల వెలుతురు వదులుద్ది. పెద్ద మడి రెండింతలు ఇస్తే పెద్ద తూము ఐదింతలు ఇస్తది. ఇప్పుడు చెప్పండి, చీకట్లో ఎవరిది గెలుపు? 55 హార్స్ పవర్ ట్రాక్టర్ కొని రోటావేటర్‌కి డబ్బుల్లేక నిలబడ్డవాడికీ, లెన్సు లేని ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాడికీ తేడా ఏముంది?

పైగా మన పెళ్ళిళ్ళు చీకట్లో జరుగుతున్నాయా? అర్ధరాత్రి ముహూర్తమైనా వీడియోవాళ్ళు లైట్లు పెట్టి మండపాన్ని పట్టపగలు చేస్తారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్ళికూతురు కళ్ళే తెరవలేదు ఆ వెలుతురుకి!

ఆల్బమ్ సంగతికొస్తే, మన దగ్గర ఎక్కువ చేయించేది 12కి 36 అంగుళాల షీటు. అందులో ఒక పేజీ 12కి 18. అంత పేజీ నిండా ఒకే ఫోటో వేసినా, అంగుళానికి 300 చుక్కల లెక్కన 2 కోట్ల చుక్కలు సరిపోతాయి. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో 2 కోట్ల 40 లక్షలు ఉంటాయి. ఇక వాట్సాప్‌లో పంపితే అది ఎలాగూ కుదించేస్తది.

మనలాగా పంటల ఫోటోలు తీసేవాళ్ళకైతే క్రాపే మేలు, ఇది నా అనుభవం. మిర్చి పూతలో తామర పురుగు మిల్లీమీటరు ఉంటది. మాక్రో లెన్సుతో దాని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేట్టు తీస్తే, 36 మిల్లీమీటర్ల పలక మీద అది ఎక్కడో చుక్క. 23.5 పలక మీద అదే పురుగు ఫోటోలో ఒకటిన్నర రెట్లు పెద్దగా కనపడుద్ది. గట్టు మీద కొంగనో పాలపిట్టనో తీయాలన్నా అంతే, 200 లెన్సు 300 లాగా పనిచేస్తది. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ దూరం అందుకోవాలంటే ఇంకా పెద్ద లెన్సు, ఇంకా బరువు, ఇంకా అప్పు.

ఇక మన తప్పు కూడా చెప్పుకుందాం. ఈ పిల్లల్ని అప్పుల్లోకి తోస్తున్నది ఒక్క షాపువాళ్ళేనా? పెళ్ళి ఆర్డర్ ఇచ్చేటప్పుడు "ఫుల్ ఫ్రేమేనా? ఎన్ని లక్షల కెమెరా?" అని అడుగుతున్నది మనమే. ఫోటో చూసి ఇది ఏ సెన్సర్‌తో తీశారో చెప్పగలిగినవాడు మనలో ఒక్కడున్నాడా? మందుల షాపులో "దీంతోపాటు ఇంకో డబ్బా కూడా కలిపి కొట్టు" అంటే తిట్టుకుంటాం. ఇక్కడ అదే పని మనం చేస్తున్నాం.

అందుకని రెండు మాటలు. పెళ్ళి ఉన్నవాళ్ళు కెమెరా పేరు అడగొద్దు. రాత్రి ముహూర్తం పెళ్ళి ఒకటి మొదటినుంచి చివరిదాకా తీసిన ఆల్బమ్ చూపించమనండి. పని అందులో తెలుస్తది.

కెమెరా కొనే పిల్లలున్నవాళ్ళు, ముందు క్రాప్ బాడీ, కిట్ లెన్సు, ఒక ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఫ్లాష్, రెండో బ్యాటరీ, రెండో కార్డు. వీలైతే సెకండ్ హ్యాండ్ బాడీ. ఇంత కలిపినా ఆ బాడీ ఒక్కదాని ధరలో సగం కాదు. రెండు సీజన్లు సంపాదించాక, పని అడిగితే, ఆ సంపాదనతో ఫుల్ ఫ్రేమ్ కొనుక్కోనీండి. నేనే మెచ్చుకుంటా. కానీ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. క్రాప్ కోసం చేసిన లెన్సు ఫుల్ ఫ్రేమ్‌కి తగిలిస్తే మధ్య ముక్కే పనిచేసుద్ది, 24 మెగాపిక్సెల్ కాస్తా 10 చిల్లర అవుద్ది. కాబట్టి ఆ ఎఫ్ 1.8 లెన్సు మొదట్లోనే రెండింటికీ పనికొచ్చేది తీసుకోండి.

మావాడికి ఇదంతా చెప్తే మొహం ముడుచుకున్నాడు. "నీకేం తెలుసు బాబాయ్, ఆర్డర్లు రావు" అన్నాడు. వాడి భయంలోనూ నిజం ఉంది. ఆ భయం పోగొట్టాల్సింది మనమే. ఆదివారం నేనూ వాడితో టౌనుకి పోతున్నా. గాజులు ఇప్పటికైతే వదిన చేతికే ఉన్నాయి.

మీ ఊళ్ళో ఇలా కెమెరా కొని కిస్తీలు కడుతున్న పిల్లలుంటే వాళ్ళ సంగతి రాయండి. నేను చెప్పింది తప్పనిపిస్తే అదీ రాయండి, మాట్లాడుకుందాం.