పాత నోటు... లక్షలు తెస్తుందా?

పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు... ఊరేదైనా పాత ఇళ్లలో ఓ ట్రంకుపెట్టె ఉంటుంది. దాని అడుగున, భూమి పత్రాల మధ్య ఎక్కడో రంగు వెలిసిన నోటు ఒకటి బయటపడుతుంది. ఇంకేముంది, ఇంటిల్లిపాదిదీ ఒకటే ప్రశ్న... 'దీనికి ఎంతొస్తుంది?' సెల్‌ఫోన్లో చూస్తే 'పాత నోటుంటే లక్షలు మీవే' అన్న ప్రకటన. తొందరపడకండి. ముందు ఆ నోటు కథేమిటో తెలుసుకోండి.

వయసొక్కటే చాలదు!

పాతదైనంత మాత్రాన ఖరీదు పలకదు. ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, కోరేవాళ్లెందరు... ధరను తేల్చేవి ఇవే. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చి, 1917 నవంబరులో రూపాయి నోటు, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు వచ్చాయి. రెండున్నర నోటు 1926కల్లా కనుమరుగైంది. అందుకే సేకర్తలకు దానిపై అంత మోజు. మదనపల్లె ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు పేరిట విడుదలైన ఆ నోట్లపై 'ఎం' అక్షరం కనిపిస్తుంది. అటు నిజాం కూడా 1918 నుంచి సొంత నోట్లు వేయించాడు. వాటిపైనా తెలుగు అక్షరాలుంటాయి.

తేదీ లేకుంటే సంతకం చూడండి. రిజర్వుబ్యాంకు గవర్నరు సంతకాన్ని బట్టి నోటు కాలం తెలిసిపోతుంది. ఉమ్మడి కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి (2003-08), ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు (2008-13)... ఈ ఇద్దరు తెలుగువాళ్ల సంతకాలున్న నోట్లు ఇంకా బోలెడు ఉన్నాయి. దాచుకోవడానికి ముచ్చటే, లక్షలు మాత్రం రావు!

ఇలా దాచండి

* మురికిగా ఉందని కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు. మెరుపు రాదు సరికదా, ఉన్న విలువా పోతుంది.
* చిరిగినచోట టేపు అంటించొద్దు. లామినేషన్ అసలే వద్దు.
* పిన్నులు గుచ్చకండి, రబ్బరుబ్యాండ్లు వేయకండి. మడత పెట్టకుండా, నోట్ల కోసమే అమ్మే పాలిస్టర్ కవర్లలో ఉంచండి. మామూలు పీవీసీ కవర్లు కాలక్రమంలో నోటును పాడుచేస్తాయి.
* చెమ్మ, ఎండ తగలనిచోట పెట్టండి. పొడి చేతులతో అంచులే పట్టుకోండి.

చట్టం సంగతీ చూసుకోండి. 2016లో రద్దయిన 500, 1000 నోట్లు పదికి మించి ఉంచుకోకూడదు. అధ్యయనానికో, సేకరణకో అయితే 25 వరకూ ఉండొచ్చు. మీరితే పదివేల రూపాయలు లేదా ఆ నోట్ల ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా పడొచ్చు.

అమ్మదలిస్తే...

కనీసం ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు చూపించండి. అలాంటి నోటే వేలంలో ఎంతకు పోయిందో కనుక్కోండి. ఎవరో అడిగిన ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు.

'మీ నోటు కొంటాం, ముందు పన్ను కట్టండి, కమీషన్ పంపండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే అక్కడితో ఆపేయండి. ఇలాంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదనీ, తన పేరుతో ఎవరికీ రుసుములు వసూలుచేసే అధికారం ఇవ్వలేదనీ రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అమ్మేవాళ్ల చేతికి డబ్బు రావాలి. వాళ్లనే ఎదురు కట్టమన్నారంటే, అది బేరం కాదు... మోసం!