భూశాస్త్రము వల్లెవేయుటకు గాదు

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించెను. ఆ కదలిక హైదరాబాదు, విజయవాడ నగరములవఱకును తెలియవచ్చెను. గోదావరీతీరమునకు ఇట్టిది క్రొత్త గాదు. 1969 ఏప్రిలులో భద్రాచలప్రాంతమున 5.7 తీవ్రతగల భూకంపము కలిగియుండెను. ఈ నేలమీదనే మన కళాశాలలున్నవి. అచ్చట భూశాస్త్రము చదివిన విద్యార్థిని, భూకంపకేంద్రము నెట్లు కనుగొందురని ప్రశ్నింపుడు. నిర్వచనమును తడువుకొనక అప్పగించును. పటమును వృత్తలేఖినిని చేతికిచ్చి కనుగొనుమన్నచో తెల్లబోవువారే పెక్కురు. ఈ లోపము విద్యార్థిది గాదు. అధ్యాపకుడు చెప్పుట, విద్యార్థి వ్రాసికొనుట, పరీక్షలో దానినే మరల వ్రాయుట, ఇంతియే విద్యయని నమ్మిన పద్ధతిది.

ఈ పద్ధతిని మార్చుటకు ధనరాశు లక్కఱలేదు. భూకంపమున మొదట ప్రాథమికతరంగమును, పిదప ద్వితీయతరంగమును వచ్చును. రెంటి నడుమగల వ్యవధిలో ఒక్కొక్క సెకండునకు సుమారు 8 కిలోమీటర్ల దూరము లెక్కకు వచ్చును. తరగతిని మువ్వురేసి జట్లుగా విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పరిశీలనాలయపు కంపలేఖనము నీయవలెను. ఒకడు తన దూరమును గణించి వృత్తము గీచినంతమాత్రమున కేంద్రము తేలదు. మూడు వృత్తములు కలిసిన చోటనే తేలును. తోటివాని లెక్క తప్పినచో తన ఫలితమును తప్పును. కావున ఒకరినొకరు ప్రశ్నింతురు, సరిదిద్దుకొందురు. అధ్యాపకుడు చెప్పకయే పాఠము నిలుచును.

తరంగముల భేదమునకు విద్యార్థుల వరుసయే చాలును. ఒకరి భుజములపై నొకరు చేతులుంచి నిలిచిన, అది ఘనపదార్థము. మొదటివానిని ప్రక్కకు త్రోసిన త్రోపు చివరివఱకు పోవును. అతడు ముందుకు వంగిన ఆ వంపును పోవును. చేతులు విడిచి భుజములు తాకునట్లు మాత్రమే నిలిచిన, అది ద్రవము. అందు త్రోపు సాగును గాని వంపు సాగదు. ద్వితీయతరంగము ద్రవమున ఏల ప్రవేశింపదో ఇక మఱవరు. 1897 జూన్ 12వ తేదీ అస్సాము మహాభూకంపమును శోధించి ఈ తరంగముల భేదమును విశదపఱచినవాడు, భారత భూవిజ్ఞాన సర్వేక్షణసంస్థయందు పనిచేసిన ఓల్డ్‌హామ్. తరంగముల నడకనుబట్టి భూమికి గర్భగోళము గలదని 1906లో ఆధారము చూపినవాడును ఆయనయే. మన నేల కంపించి లోకమునకు నేర్పిన పాఠమును మన బిడ్డలు అర్థ మెఱుగక వల్లించుట శోచనీయము.

కాలపరిమాణమును నేర్పుటకు 46 మీటర్ల త్రాడు చాలును. భూమి వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. కావున ఒక మీటరు పదికోట్ల యేండ్లు. త్రాటి వెంబడి విద్యార్థులే తర్కించుకొని ఆయా ఘట్టములకు గుర్తులు కట్టవలెను. డైనోసారులు నశించిన కాలము నేటి కొసకు 66 సెంటీమీటర్ల దూరమున నుండును. మానవజాతి చరిత్ర యంతయు కొసన 3 మిల్లీమీటర్లు! తిరుమల కనుమదారి నెక్కు యాత్రికులు, ప్రాచీనమగు నల్లరాతిపై వేఱొక శిలాశ్రేణి యొఱగియున్న చోటును దాటిపోవుచుందురు. ఆ రెంటి నడుమ లుప్తమైన కాలము సుమారు 80 కోట్ల సంవత్సరములు. మన త్రాటిపై అది 8 మీటర్లు. త్రాడు కొలిచిన విద్యార్థి ఆ కొండను వేఱు కన్నులతో జూచును.

పాఠ్యక్రమము ముగియదనియు, పరీక్ష దీని నడుగదనియు కొంద ఱాక్షేపింతురు. మొదటిదానికి ప్రత్యుత్తరము లభించియే యున్నది. విజ్ఞానశాస్త్రముల కళాశాలాబోధనమునుగూర్చిన 225 పరిశోధనలను క్రోడీకరించి 2014లో అమెరికాలో ప్రకటించిన వ్యాసము ననుసరించి, కేవలోపన్యాస తరగతులలో తప్పువారు, విద్యార్థులు పాల్గొను తరగతులలో తప్పువారికి ఒకటిన్నర రెట్లు. త్వరగా ముగించి నేర్పనిదాని కన్న కొంచెము తగ్గించి నేర్పినది మేలు. రెండవ యాక్షేపణ న్యాయమే. అడుగని దానిని ఎవరు నేర్తురు? కావున విశ్వవిద్యాలయములు ప్రతి ప్రశ్నపత్రమునందును ఒక కంపలేఖనమునో, ఒక శిలాచిత్రమునో ఇచ్చి, దీనినిబట్టి మీరేమి నిర్ణయింతురని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్న తరగతి నంతను మార్చును.

ఎచ్చట బావి త్రవ్వవలెను, ఎచ్చట ఆనకట్ట కట్టవలెను, ఏ వరదభూమిని ఇండ్లకు విడువరాదు అను విషయములను రేపు నిర్ణయింపవలసినవారు ఈ విద్యార్థులే. వారి చేతికి నేడు ఒక త్రాటినైన నీయని కళాశాల, రేపు వారి నిర్ణయములనుగూర్చి విలపించుట తగదు.