వానకాలంలో కారు: నాలుగు చక్రాల బలం ఎంతవరకు?

ఆలేరులో ఉంటున్న మా ఖాలా ఇంట్లో పోయిన వర్షాకాలం నుంచి ఒకే చర్చ. నెలకోసారి ఖాలాను వైద్యం కోసం హైదరాబాద్ తీసుకువెళ్లాలి. కూతురి అత్తవారి ఊరు వాగుకు అవతల ఉంది. బస్సులో, ఆటోలో తిరగడం ఆమెకు ఇక సాధ్యం కాదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో, అప్పు లేకుండా ఒక కారు కొనాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నారు. ఏ కారు కొనాలన్న దగ్గరే అభిప్రాయాలు వేరయ్యాయి.

పెద్ద కుమారునికి ఆల్ వీల్ డ్రైవ్ కారు కావాలి. ‘వానలో జారదు, బురదలో దిగబడదు’ అన్నది అతని వాదన. మేము వెళ్లిన రోజున ఖాలూ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ‘నాలుగు చక్రాలూ లాగే బండి అయితే వాగు పొంగినా దాటేస్తుందంటున్నాడు వీడు. అది నిజమో కాదో కాస్త తెలుసుకుని చెప్పాలి బేటా’ అన్నారు. ఆ మాట విన్నాక, ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదనిపించింది. అందుకే ఈ నెల ఈ శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

మొదట ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో చూద్దాం. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ బలం ముందు రెండు చక్రాలకే అందుతుంది. వెనుక చక్రాలు కేవలం దొర్లుతాయి. ఆల్ వీల్ డ్రైవ్ కారులో అవసరమైనప్పుడు ఆ బలం నాలుగు చక్రాలకూ పంచబడుతుంది. మారుతి గ్రాండ్ విటారాలో ఆల్‌గ్రిప్ రకం, టయోటా హైరైడర్‌లో ఆల్ వీల్ డ్రైవ్ రకం ఈ కోవకు చెందినవి. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లోనూ పై స్థాయి ఆటోమేటిక్ రకాల్లో ఈ ఏర్పాటు ఇచ్చారు. ఇవి మామూలుగా ముందు చక్రాలతోనే నడుస్తాయి. అవి జారుతున్నట్లు యంత్రం పసిగట్టగానే వెనుక చక్రాలకూ బలాన్ని పంపుతుంది. నడిపేవారు ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ ఉండదు.

మహీంద్రా థార్, మారుతి జిమ్నీ వంటి వాహనాల పద్ధతి వేరు. వాటిలో నాలుగు చక్రాల బలం కావాలంటే మీట మార్చాలి. మార్చనంతవరకు వాటి నాలుగు చక్రాల రకాలు కూడా వెనుక చక్రాలతోనే నడుస్తాయి. పొడి తారు రోడ్డుపై నాలుగు చక్రాల మీట వేసి నడపకూడదు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగవలసి ఉంటుంది. ఈ పద్ధతిలో అవి రెండూ ఒకదానితో ఒకటి బిగిసి ఉంటాయి గనుక యంత్ర భాగాలపై ఒత్తిడి పడుతుంది. అంటే జాతీయ రహదారిపై అక్కడక్కడా తడి, అక్కడక్కడా పొడి ఉన్నప్పుడు, ఆ బలం చేతిలో ఉన్నా వాడుకోవడానికి వీలుండదు. కొనేటప్పుడు చాలామంది గమనించని తేడా ఇది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తడి రోడ్డుపై కారు మూడు పనులు చేయాలి: కదలాలి, మలుపు తిరగాలి, ఆగాలి. నాలుగు చక్రాల బలం మొదటి పనికి ఎంతో మేలు చేస్తుంది. వాన కురిసిన రేగడి బాటలో, పొలం గట్టు ఎక్కేచోట రెండు చక్రాల కారు ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే, నాలుగు చక్రాల కారు మెల్లగా బయటపడుతుంది. మలుపులో సాయం కొంతవరకే. ఆగే విషయంలో మాత్రం దానివల్ల అదనపు ప్రయోజనం లేదు. ఎందుకంటే బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపేది ఇంజిన్ కాదు; బ్రేకులు, వాటికి మించి రోడ్డును పట్టుకునే టైర్లు. త్వరగా కదలగలిగిన కారు త్వరగా ఆగగలదన్న భ్రమ ప్రమాదకరం.

ఖాలా ప్రయాణమే ఉదాహరణగా తీసుకుందాం. ఆలేరు నుంచి భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లే 163వ జాతీయ రహదారి వెడల్పైన తారు రోడ్డు. అక్కడ దిగబడే బురద లేదు, ఉన్నది వేగం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందున్న లారీ ఆగిందని గ్రహించి కాలు బ్రేకుపై పెట్టడానికి ఒక సెకను పట్టినా 22 మీటర్లు గడిచిపోయినట్లే. ఆ తరువాత పొడి రోడ్డుపై సుమారు 30 మీటర్లలో ఆగగల కారు, తడి రోడ్డుపై ఆగడానికి 50 మీటర్ల దాకా తీసుకోవచ్చు. టైర్లు అరిగిపోయి ఉంటే అది 80 మీటర్లు కూడా కావచ్చు. రెండు చక్రాల కారుకైనా, నాలుగు చక్రాల కారుకైనా ఈ లెక్క ఒకటే.

టైరు చేసే పనిని కూడా ఒకసారి ఊహించండి. రోడ్డుపై 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంది. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో ఒక్కొక్క ముందు టైరు సెకనుకు దాదాపు 14 లీటర్ల నీటిని, అంటే ఇంచుమించు ఒక బిందెడు నీటిని పక్కకు తోయాలి. ఆ నీరు పోయే దారులే టైరుపై ఉండే గాళ్లు. అవి అరిగిపోతే నీరు పోయే దారి ఉండదు. టైరు రోడ్డును వదిలి నీటిపై తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా కారు తిరగదు, బ్రేకు తొక్కినా ఆగదు. ఇంజిన్ బలం ఎన్ని చక్రాలకు అందినా రోడ్డును తాకని చక్రం ఏమి చేయగలదు?

కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. కార్లకు మన నిబంధనలు అనుమతించే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాళ్ల మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. టైరు అరిగి వాటితో సమానమైతే ఆ హద్దు వచ్చినట్లు. అయితే వానకాలపు ప్రయాణాలు ఉన్నవారు అంతవరకు ఆగకుండా, 3 మిల్లీమీటర్లకు రాగానే మార్చుకోవడం మేలు. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2223 అని ఉంటే 2023వ సంవత్సరం 22వ వారం అన్నమాట. పాత కారు కొనేవారు ఇంజిన్ శబ్దం వినడానికి ముందు ఈ అంకెలు చదవాలి. ఆల్ వీల్ డ్రైవ్ కారు యజమానులకు మరొక జాగ్రత్త అవసరం: నాలుగు టైర్లూ ఒకే రకంగా, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి కొత్తది, మూడు పాతవి అయితే బలాన్ని పంచే యంత్రం త్వరగా దెబ్బతింటుంది. ఒక టైరు పాడైతే ఖర్చు ఒక టైరుతో ఆగకపోవచ్చు.

టైర్ల తరువాత చూడవలసింది జారుడును అదుపుచేసే సాధనాలు. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. దానికి తోడుగా ఉండే ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, మలుపులో కారు పక్కకు జారుతుంటే ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికే బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది. తడి రోడ్డుపై కుటుంబాన్ని కాపాడే విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ కంటే దీనికే మేము పెద్దపీట వేస్తాము. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మూడు నక్షత్రాలు, ఆపైన పొందాలంటే ఇది ఉండి తీరాలి. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ‘నాలుగు చక్రాల బలం ఉందా’ అని కాదు, ‘మేము కొనే రకంలో ఈఎస్‌సీ ఉందా’ అని.

ఖర్చు మాటకొస్తే, ఆల్ వీల్ డ్రైవ్ ధర ఎక్కువ, బరువు ఎక్కువ, మైలేజీ తక్కువ. గ్రాండ్ విటారా 2022లో విడుదలైనప్పుడు కంపెనీ ప్రకటించిన మైలేజీ, రెండు చక్రాల మాన్యువల్ పెట్రోలు రకానికి లీటరుకు 21.11 కిలోమీటర్లు, నాలుగు చక్రాల రకానికి 19.38. తేడా చిన్నదిగా కనిపించినా ఆ కారు ఇంట్లో ఉన్నంతకాలం అది మోయవలసిన భారమే.

ఇప్పుడు ఖాలూ అడిగిన ప్రశ్న. పొంగిన వాగును నాలుగు చక్రాల కారు దాటగలదా?

లెక్క వేసి చూద్దాం. కారు అడుగుభాగం పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు అనుకుంటే వైశాల్యం దాదాపు 7 చదరపు మీటర్లు. చక్రాల గూళ్లు, వంపులు మినహాయించి 5 అనుకుందాం. అడుగుభాగాన్ని దాటి నీరు 10 సెంటీమీటర్లు పెరిగితే, ఆ నీరు కారును 500 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. 25 సెంటీమీటర్లు పెరిగితే 1,250 కిలోలు. ఈ తరహా కారు బరువే ఇంచుమించు అంత. నేల నుంచి అడుగుభాగం 21 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకున్నా, మొత్తం 46 సెంటీమీటర్ల నీరు చాలు. అంటే మోకాలి లోతు! అంతవరకు కూడా పోనక్కరలేదు. బరువు సగం తగ్గేసరికే చక్రాల పట్టు సగం తగ్గుతుంది. పక్క నుంచి వచ్చే ప్రవాహం మిగిలిన పని పూర్తిచేస్తుంది. బరువైన కారు అయితే మరికొంత లోతు వరకు నిలుస్తుంది, అంతే.

థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ చెబుతుంది. అటువంటి కొలతలను నిలకడ నీటికే వర్తింపజేసుకోవాలి. ప్రవహించే వాగుకు, రాత్రివేళ కంటికి కనిపించని కోతకు ఏ కంపెనీ హామీ ఇవ్వదు. కల్వర్టుపై నీరు పారుతున్నప్పుడు కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి ఎవరు చెప్పగలరు?

మన ప్రాంతం దీనికి భారీ మూల్యం చెల్లించింది. 2005 అక్టోబరు 29న వలిగొండ సమీపంలో వరదకు రైలు మార్గం కోతకు గురై, ప్యాసింజర్ రైలు నీటిలో పడి వందమందికి పైగా మరణించారు. పట్టాలపై నడిచే రైలుకే ఆ గతి పట్టింది. 2021 ఆగస్టు చివరలో వికారాబాద్ జిల్లాలో పెళ్లివారి కారు వాగులో కొట్టుకుపోయి నవవధువు ప్రాణాలు కోల్పోయింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు వరద ఒక తండ్రీకూతుళ్లను కారుతో సహా ఈడ్చుకుపోయింది. కొత్త పెళ్లికూతురిని తీసుకువెళ్లడం, కూతురిని విమానాశ్రయంలో దిగబెట్టడం: రేపు మన ఇళ్లలో ఎవరైనా చేసే ప్రయాణాలే ఇవి.

ఒకవేళ నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. నీరు ఇంజిన్‌లోకి చేరి ఉంటే లోపలి భాగాలు వంగిపోతాయి. సాధారణ బీమాలో ఈ నష్టానికి తరచుగా పరిహారం దక్కదు. ఇంజిన్ రక్షణ పేరుతో అదనంగా తీసుకునే పాలసీ ఉందో లేదో కొనేనాడే చూసుకోవాలి. అన్నిటికంటే ముందు, మనుషులు వెంటనే బయటకు రావాలి. కారు పోతే మరొకటి వస్తుంది.

ఇంతకూ ఆల్ వీల్ డ్రైవ్ ఎవరికి తగినది? రోజూ రేగడి బాటలో పొలానికో, పాల కేంద్రానికో వెళ్లవలసినవారికి, తారు లేని ఏటవాలు దారి చివర ఇల్లున్నవారికి అది నిజమైన అవసరం. అటువంటివారు నిశ్చింతగా కొనవచ్చు. అయితే నిజంగా నాలుగు చక్రాల రకమేనా అన్నది కాగితాలపై సరిచూసుకోవాలి. చూడటానికి ఎత్తుగా, జీపులా ఉన్న ప్రతి కారుకూ ఆ బలం ఉండదు. తారు రోడ్డుపైనే ఎక్కువగా తిరిగేవారికి మంచి టైర్లు, ఈఎస్‌సీ, తగినంత ఎత్తు ఉన్న రెండు చక్రాల కారు చాలు. వీలైతే వాన కురుస్తున్న రోజునే కారును నడిపి చూడాలి. వైపర్లు, అద్దాలపై ఆవిరి తొలగే తీరు, వెనుక సీటులో పెద్దల సౌకర్యం అప్పుడే తెలుస్తాయి.

ఈ సంగతులన్నీ ఖాలా ఇంట్లో కూర్చుని చెప్పాము. పెద్ద కుమారుడు కొంతసేపు మౌనంగా ఉండి, ‘అయితే వాన పడితే చెల్లెలి ఇంటికి వెళ్లకూడదా?’ అని అడిగాడు. ఖాలూ సమాధానం చెప్పేలోపే ఖాలా అందుకుంది: ‘వాగు తగ్గాక వెళ్దువు గాని బేటా. నువ్వు ఒక రోజు ఆలస్యంగా వస్తే నీ చెల్లెలు అలగదు. అసలు రాకుండా పోతే మాత్రం మేము బతకలేము.’

చివరకు ముందు చక్రాలతో నడిచే, ఈఎస్‌సీ ఉన్న కారు తీసుకోవాలని నిశ్చయించుకున్నారు. మిగిలిన సొమ్ములో కొంత టైర్లకని విడిగా ఉంచారు. ఖాలూ ఒక నియమం కూడా పెట్టారు: వానకాలంలో కూతురి ఊరికి బయలుదేరే ముందు ఆమె అత్తవారికి ఫోన్ చేసి వాగు సంగతి అడగాలి. రోడ్డుపై నీరు పారుతోందంటే కారు ఇంటి ముందు నుంచి కదలకూడదు. దారి మధ్యలో నీరు ఎదురైతే, ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాలి.

ప్రయాణానికి ముందు దువా చదువుకోవడం మన ఇళ్లలో అలవాటే. అదే సమయంలో ఒకసారి వంగి టైర్ల వంక కూడా చూద్దాం. కారులో కూర్చున్నవారు మనకు అప్పగించబడిన అమానతు. వారిని గమ్యానికి చేర్చడం ఎంత బాధ్యతో, అవసరమైతే క్షేమంగా వెనక్కి తీసుకురావడమూ అంతే బాధ్యత.