ఒంటి సత్తువ కొద్దీ సైకిల్ సవారీ

ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో రోడ్డు పక్కన నిలబడి చూడండి. హైదరాబాద్ వైపు నుంచి సైకిళ్లు బారులు తీరి వస్తుంటాయి. తలకు గట్టి టోపీలు, కళ్లకు అద్దాలు, ఒంటికి అతుక్కున్న రంగురంగుల చొక్కాలు. కొందరు విమానాశ్రయం దారి పడతారు. మరికొందరు బెంగళూరు రోడ్డు మీద కొత్తూరు, షాద్‌నగర్ వైపు సాగిపోతారు. చాయ్ తాగడానికి ఆగినప్పుడు వారి మాటలన్నీ కిలోమీటర్ల మీదే. ఒకరు అరవై అంటే ఇంకొకరు ఎనభై అంటారు. మూడో వారు వచ్చే నెలలో నూరు కొడతామంటారు.

ఒకప్పుడు ఇదే రోడ్డు మీద సైకిల్ తొక్కింది మనమే. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు క్యారియర్‌కు కట్టుకుని గగన్‌పహాడ్, ఆరాంఘర్ మీదుగా పట్నం పోయి, అమ్ముకుని, పొద్దెక్కేసరికి తిరిగివచ్చిన వాళ్లం. అప్పుడు దాన్ని వ్యాయామం అని ఎవరూ అనలేదు. బతుకుతెరువు అన్నారు.

2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. దానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. చుట్టుపక్కల మిగిలిన పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి. నాగలి పట్టిన చేతులు మోటారు సైకిల్ హ్యాండిల్ పట్టాయి. కిరాణా కొట్టుకు కూడా బండి మీదే పోవడం అలవాటైంది. కాళ్లకు పని తప్పింది, ఇంట్లో మాత్రల డబ్బా చేరింది. దేశంలో షుగరు వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. అది పట్నం వాళ్ల జబ్బు అన్న మాట ఇక చెల్లదు.

కాబట్టి మన పల్లెల్లో నడివయసు దాటినవారు మళ్లీ సైకిలెక్కడం మంచిదే. డాక్టర్లూ అదే చెబుతున్నారు. అయితే ఎంత తొక్కాలి, ఎంత కాలంలో ఎంత పెంచాలి అన్న లెక్క ఎవరిది కావాలి? చిక్కు అక్కడే వస్తోంది. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి కనుక చెబుతున్నాను.

పులిని చూసి నక్క వాత

నాకు 61 ఏళ్లు. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. బీపీ ఉంది. కుడి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు పట్టేస్తుంది. రెండేళ్ల కిందట మనవడు వదిలేసిన గేర్ల సైకిల్ తుడిచి, గాలి కొట్టించి బయలుదేరాను. చాయ్ దుకాణం దగ్గర పట్నం వాళ్ల మాటలు విని, నెల తిరిగేసరికి 50 కిలోమీటర్లు తొక్కాలని మనసులో పందెం వేసుకున్నాను. ఆ 50 నా ఒంటిని అడిగి పెట్టుకున్నది కాదు. చిన్నప్పుడు పాలు మోసినవాణ్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. ఆ పాలు మోసిన ఒళ్లు ఇది కాదని గుర్తు రాలేదు.

మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా కొత్తూరు వైపు వెళ్లాను. తిరిగి వస్తుంటే పాల్మాకుల దగ్గరకు వచ్చేసరికి చేతులు వణకడం మొదలైంది. చలికాలంలో చెమటలు పట్టాయి. మైలురాయి మీద అక్షరాలు రెండేసిగా కనిపించాయి. అప్పుడైనా దిగాలి కదా! ఇంకో నాలుగు కిలోమీటర్లయితే ఆ రోజు లెక్క సరిపోతుందని తొక్కాను. చివరకు ఒక హోటలు ముందు దిగి నేల మీద కూర్చుండిపోయాను.

చాయ్ పోసే కుర్రాడు వచ్చి ముఖం చూసి, "పెద్దాయనా, షుగరున్నదా నీకు?" అన్నాడు. తల ఊపాను. గ్లాసు నీళ్లలో గుప్పెడు చక్కెర కలిపి తాగించాడు. వాళ్ల నాయనకూ ఇట్లాగే అయ్యేదట. పావుగంటకు కళ్లు తేరుకున్నాయి. ఆ కుర్రాడు లేకపోతే లారీల మధ్య ఆ పూట ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

ఇంటికి వస్తే మా ఆవిడ ఒకే మాట అన్నది: "ఎవరితోని పందెం పెట్టుకున్నవు?" మర్నాడు డాక్టరు కూడా ఇంచుమించు అదే అడిగారు: "ఈ యాభై కిలోమీటర్ల లెక్క ఎవరు పెట్టారండీ?" రెండుచోట్లా నా దగ్గర జవాబు లేదు.

దూరం కాదు, నిమిషాలు

డాక్టరు సైకిల్ మానమనలేదు. లెక్క మార్చమన్నారు. కిలోమీటర్లు వదిలి నిమిషాలు లెక్కపెట్టమన్నారు. దూరం లక్ష్యమైతే గాలి ఎదురైనా, ఎత్తు వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా అది చేరాలనే మొండితనం వస్తుంది. నిమిషాలు లక్ష్యమైతే మెల్లగా తొక్కినా లెక్కలోకి వస్తుంది.

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. దీర్ఘవ్యాధులున్న వారికీ ఈ మాట వర్తిస్తుందనీ, అంత చేయలేనివారు చేయగలిగినంతతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవాలనీ చెప్పింది. అసలు చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలే. ఒక మోస్తరు అంటే ఎంత? తొక్కుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే కొలత. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని అణచిపెడతాయి. అలాంటివి వేసుకునేవారికి చేతి గడియారంలో కనిపించే గుండె లెక్క కంటే ఈ మాటల కొలతే నమ్మకమైనది.

నేను మనవడి పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని గీతలు గీశాను. తేదీ, తొక్కిన నిమిషాలు, ముందు షుగరు, తర్వాత షుగరు, మోకాలి సంగతి. మొదటి నెల లక్ష్యం రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. అంతే. ఊరి చివర చింతచెట్టు దాకా పోయి రావడమే. చూసినవాళ్లు నవ్వారు. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా సాగితేనే ఐదు నిమిషాలు కలపాలి. రెండు రోజులు వరుసగా ఒళ్లు ఎదురుతిరిగితే ఐదు నిమిషాలు తగ్గించాలి. తగ్గించడం ఓడిపోవడం కాదు. వర్షం లేని ఏడాది రైతు తక్కువ ఎకరాల్లో నారు పోస్తే వ్యవసాయం రానివాడంటామా?

ఇంకొక లక్ష్యం నేనే పెట్టుకున్నాను. ఎంత దూరం పోయానన్నది కాదు, ఎలా తిరిగివచ్చానన్నది చూడాలి. ఇంటికి వచ్చాక గేదెకు గడ్డి వేసి, నీళ్లు పెట్టి, మనవణ్ని బడి దగ్గర దించే ఓపిక మిగిలితే ఆ రోజు సవారీ సరైనది. వచ్చి మంచమెక్కితే ఎక్కువైనట్లు.

నూట ఐదేళ్ల సైకిల్ వీరుడు

ఫ్రాన్స్ దేశంలో రోబెర్ మార్షాన్ అనే ఆయన 2014లో తన 102వ ఏట గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కారు. 2017 జనవరిలో 105 ఏళ్ల వయసులో మళ్లీ దిగి గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కారు. దూరం తగ్గింది. అయినా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 105 ఏళ్ల మనిషికి అదే రికార్డు. ఆయన సాధనను గమనించిన శాస్త్రవేత్తలు చెప్పిన విషయం ఇంకా విలువైనది. ఐదు వంతుల్లో నాలుగు వంతులు తేలికగానే తొక్కేవారట, ఒక్క వంతే గట్టిగా. నూరేళ్లు దాటాక కూడా ఆయన ఒంటి శక్తి పెరిగిందని వారు లెక్కగట్టారు.

మన హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. కృత్రిమ కాలితో సైకిల్ నేర్చి 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు తెచ్చారు. తర్వాత ఒక సంస్థ పెట్టి, విధుల్లో అవయవాలు కోల్పోయిన జవాన్లతో సహా ఎందరికో ఆటల్లో తర్ఫీదు ఇప్పిస్తున్నారు. ఆయనలాగా మనమూ పతకాలు తేవాలని కాదు. ఉన్న ఒంటితో ఏం చేయగలమో అక్కడి నుంచే ఆయన మొదలుపెట్టారు. మనం నేర్చుకోవలసింది అది.

మరువరాని జాగ్రత్తలు

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మొదట డాక్టరును అడగాలి. కొన్ని మందులు శ్రమతో కలిస్తే షుగరు బాగా పడిపోతుంది. బయలుదేరే ముందు పరీక్ష చేసుకుని 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని పోవాలి. 250 దాటి ఒంట్లో నలతగా ఉంటే ఆ పూట మానాలి. జేబులో చక్కెర పొట్లం తప్పనిసరి. వణుకు, చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే దిగి మూడు నాలుగు చెంచాల చక్కెర తిని, పావుగంట కూర్చుని మళ్లీ పరీక్షించుకోవాలి. ఛాతీలో పట్టేసినట్లు ఉంటే ఇంటికి తొక్కుకుంటూ రావద్దు, అక్కడే దిగి సాయం పిలవాలి. ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోవాలి. షుగరు వారికి పుండు పడినా తెలియదు.

సీటు సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరు. రెండు కాళ్లూ నేలకు ఆనాలని బాగా కిందికి దించుకుంటారు. దాంతో మోకాళ్ల మీద బరువు పడుతుంది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. నా మోకాలి నొప్పి సగం తగ్గింది సీటు రెండు అంగుళాలు లేపినందుకే. ఎండాకాలం ఏడున్నరకల్లా ఇల్లు చేరాలి.

రోడ్డు మాటేమిటి?

మన వంతు మనం చేస్తాం. పాలకుల వంతు కూడా కొంత ఉంది. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. పైన సౌర పలకల కప్పు వేశారు. మంచి పని. కానీ అది నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. మన ఊళ్ల నుంచి అక్కడికి పోవాలంటే సైకిల్‌ను ఏ బండిలోనో వేసుకుని పోవాలి. ఔటర్ మీదికి సైకిల్‌ను రానివ్వరు, అది న్యాయమే. మరి మనకు మిగిలింది బెంగళూరు రోడ్డు అంచు, సర్వీసు రోడ్లు, ఊరి దారులు. అక్కడ ఇసుక లారీలు, ఎదురు వచ్చే ఆటోలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు.

సౌర కప్పు మనకు అక్కర్లేదు. సర్వీసు రోడ్డు అంచున నాలుగడుగుల జాగా తెల్లగీతతో విడదీసి అందులో వాహనాలు నిలపకుండా చూస్తే చాలు. స్పీడ్ బ్రేకర్లకు రంగు వేసి, తెల్లవారుజామున దీపాలు వెలిగేలా చూస్తే ముసలీ ముతకా ధైర్యంగా బయటికి వస్తారు. ఉప కేంద్రాల్లో షుగరు పరీక్షకు వచ్చినవారికి మాత్రలతో పాటు, ఎంత శ్రమ చేయవచ్చో కూడా ఒక కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మేలు. సంబంధిత అధికారులు ఆలోచించాలి.

ఏడు నెలలకు నేను అమ్మపల్లి రాములవారి గుడి దాకా పోయి, కాసేపు కోనేటి గట్టున కూర్చుని, తిరిగి ఇల్లు చేరాను. పట్నం వాళ్ల లెక్కలో అది దూరమే కాదు. ఆ రోజు గేదెకు గడ్డి నేనే వేశాను. షుగరు పోలేదు, పోదు కూడా. డాక్టరు ఒక మాత్ర తగ్గించారు. మోకాలు మెట్ల దగ్గర ఇంకా పట్టేస్తుంది, కాకపోతే మునుపటంత కాదు.

మొన్న పక్కింటాయన వచ్చి, "అన్నా, నేనూ వస్తా, ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోమంటవు?" అని అడిగాడు. ఆయనకు గుండెకు స్టెంటు వేశారు. మొదట డాక్టరు దగ్గరకు పోయి రమ్మన్నాను. వస్తూ వస్తూ ఒక నోటుపుస్తకం కూడా కొనుక్కోమన్నాను. నా పుస్తకంలో లెక్క ఆయనకు పనికిరాదు.