రుసుము సర్కారుకు, నష్టం కొన్నవారికి

ఇల్లో, ఇంటి స్థలమో, ఎకరం పొలమో కొన్న సామాన్యుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం మెట్లు దిగుతూ చేతిలోని దస్తావేజును చూసుకుని, ఇక ఇది తనదేనని నిశ్చింతపడతాడు. స్టాంపు డ్యూటీ కట్టాడు. రిజిస్ట్రేషన్ రుసుము కట్టాడు. ఫొటో దిగాడు, వేలిముద్రలు వేశాడు, సాక్షులను నిలబెట్టాడు. చివరికి ప్రభుత్వ ముద్ర పడింది. అయితే ఆ ముద్రకు అర్థం 'ఈ ఆస్తి నీదే' అని కాదు. 'ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఈ కాగితం రాసిచ్చినట్టు మా ఎదుట ఒప్పుకున్నాడు' అని మాత్రమే. ఈ సంగతి అతడికి ఎవరూ చెప్పరు. అమ్మినవాడి దాయాది వేసిన దావాలో కోర్టు నోటీసు అందిన రోజున తెలుస్తుంది.

ఇది ఏ ఒక్క గుమాస్తా నిర్లక్ష్యమో కాదు, చట్టం నిర్మాణమే అంత. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తిని గుర్తించేందుకు చాలినంత వివరణ దస్తావేజులో ఉండాలంటుంది, రాసిన నాలుగు నెలల్లోగా దాఖలు చేయాలంటుంది. రాసిచ్చినవారు వారేనా, రాసినట్టు ఒప్పుకుంటున్నారా అన్నది తేల్చుకోవడం అధికారి విధి. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందా అన్న అసలు ప్రశ్న ఆయన బల్ల మీదకు రానే రాదు. ఆ పరిశోధన కొనేవాడే చేసుకోవాలి. ఈసీలు తీయించాలి, లింకు డాక్యుమెంట్లు వెతకాలి, వకీలు అభిప్రాయం తీసుకోవాలి. వీటన్నిటి తర్వాతా తప్పు జరిగితే నష్టం అతడిదే.

ఈ లోటును పూడ్చే పేరుతో రాష్ట్రాలు ఎంచుకున్న దారి మరిన్ని కాగితాలు అడగడం. అమ్మేవారు తమకు హక్కు సంక్రమించిన పాత అసలు దస్తావేజు చూపనిదే రిజిస్ట్రేషన్ లేదని తమిళనాడు నిబంధన పెట్టింది. అమ్మేవారి పేరిట జమాబందీ ఉన్నట్టు రుజువు ఉండాలని 2019లో బిహార్ నిబంధన చేసింది. ఈ రెండూ మూల చట్టం ఇచ్చిన అధికారాన్ని మించినవేనని 2025లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఏప్రిల్‌లో తమిళనాడు నిబంధన, నవంబరులో బిహార్ నిబంధన చెల్లకుండా పోయాయి. బిహార్‌లో మ్యుటేషన్లు, సర్వే పూర్తికావడానికి ఇంకా చాలా దూరం ఉందన్న వాస్తవాన్నీ న్యాయస్థానం గుర్తించింది. రికార్డులు సరిచేయాల్సినది ప్రభుత్వం. ఆ పని అది చేయనందుకు శిక్ష మాత్రం తాత పేరు మీదే ఉండిపోయిన భూమిని ఆసుపత్రి ఖర్చు కోసం అమ్ముకోవాలనుకునే మనవడికి!

మోసాలు అరికట్టడానికే ఈ నిబంధనలన్నది ప్రభుత్వాల వాదన. మోసాలు నిజమే. ఒకే ప్లాటును ఇద్దరు ముగ్గురికి అమ్మినవారు, చనిపోయినవారి స్థానంలో మరొకరిని నిలబెట్టినవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. కానీ అడిగిన కాగితాలన్నీ చూపి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాక కూడా మోసం బయటపడితే ప్రభుత్వం పరిహారం ఇస్తుందా? ఇవ్వదు. అంటే పెరిగింది కొనేవాడి భద్రత కాదు, కాగితం మంజూరు చేసే ప్రతి కార్యాలయం బేరసారాల శక్తి.

షరతులు బిగిసేకొద్దీ పేదలు రిజిస్ట్రేషన్‌కే దూరమవుతారు. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు లక్షల్లో ఉండడానికి కారణం రైతుల అజ్ఞానం కాదు, ఖర్చూ తిరుగుడూ భరించలేకపోవడం. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సాగే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. తీర్పుతో ఆ పద్ధతి చెల్లదని తేలింది గానీ, దాన్ని పుట్టించిన అవసరం అలాగే ఉంది.

భరోసా పేరుతో అధికారుల చేతికి సర్వాధికారం ఇస్తే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2020లో వచ్చిన ధరణిలో పేరు తప్పు పడితే సరిచేసే అధికారం మండలంలో ఎవరికీ లేక రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. ఆంధ్రప్రదేశ్ 2022 నాటి భూ హక్కుల చట్టం, హక్కుకు హామీ అంటూనే వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. న్యాయవాదులు రోడ్డెక్కారు, ఎన్నికల్లో అదే పెద్ద చర్చ అయింది, 2024లో ఆ చట్టం రద్దయింది.

1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ విధానం సారం వేరు. అక్కడ రిజిస్టరే హక్కు. రిజిస్టరు తప్పు వల్ల నష్టపోయినవారికి నిధి నుంచి పరిహారం దక్కుతుంది. మన పాలకులు ఇందులో మొదటి సగాన్ని ఇష్టంగా అరువు తెచ్చుకుంటారు, రెండో సగం దగ్గర మాత్రం మౌనం వహిస్తారు.

1908 చట్టం స్థానంలో తెస్తామంటూ కేంద్రం 2025 మే నెలలో ప్రజాభిప్రాయానికి పెట్టిన రిజిస్ట్రేషన్ బిల్లు ముసాయిదాలో ఆన్‌లైన్ దాఖలు ఉంది, సమ్మతితో ఆధార్ ధ్రువీకరణ ఉంది, విక్రయ ఒప్పందాల తప్పనిసరి నమోదూ ఉంది. ఇవి స్వాగతించదగినవే. కానీ నమోదు వేగం పెరిగినంత మాత్రాన హక్కు గట్టిపడదు. బ్లాక్‌చైన్ సాధ్యాసాధ్యాలను లా కమిషన్ పరిశీలించాలని సుప్రీంకోర్టు సూచించింది. తప్పుడు సర్వే నంబరును బ్లాక్‌చైన్‌లోకి ఎక్కిస్తే అది చెరపలేని తప్పుడు సర్వే నంబరు అవుతుంది తప్ప ఒప్పు కాదు.

కావలసినవి కొత్త మాటలేమీ కాదు. ప్రభుత్వ కార్యాలయాల్లోనే ఉన్న రెవెన్యూ, సర్వే, మున్సిపల్ రికార్డులను పౌరుడి చేత మోయించకుండా సబ్ రిజిస్ట్రారే తెప్పించుకోవాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలని 1908 చట్టమే చెబుతోంది. 'రేపు రండి' అన్న నోటిమాటకు కాలం చెల్లాలి. సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉండాలి. అన్నిటికీ మించి, ప్రభుత్వ రికార్డును నమ్మి నష్టపోయినవారికి వసూలైన రుసుములోంచే పరిహార నిధి ఏర్పడాలి.

ఆస్తి విలువలో ఇంత శాతమని లెక్కగట్టి వసూలు చేసే ప్రభుత్వం, ఆ ఆస్తికి ఇంత శాతమైనా పూచీ పడాలి. పూచీ పడనంత కాలం పౌరుణ్ని ఇంకో కాగితం అడిగే నైతిక హక్కు దానికి లేదు.